పట్టుకున్నది మళ్లీ గాలిలోకే

సౌదీ అరేబియా తూర్పు తీరంలోని జుబైల్ పారిశ్రామిక నగరంలో, గాలి నుంచి ఆక్సిజన్‌ను వేరుచేసే ఒక ప్లాంటులో నేను ఆపరేటర్‌గా పనిచేస్తున్నాను. గాలిని ద్రవంగా మారేంత వరకు చల్లబరచి, ఆక్సిజన్, నైట్రోజన్‌లను విడదీసి, చుట్టుపక్కల కర్మాగారాలకు పైపుల ద్వారా పంపడం మా పని. గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పట్టే యంత్రాలు వచ్చాయని వార్తల్లో చూసినప్పుడల్లా గోదావరిఖని, మంచిర్యాల, జగిత్యాల నుంచి వచ్చి ఇక్కడ పనిచేస్తున్న మాకు నవ్వు వస్తుంది. ఆ పని మేము రోజూ చేస్తున్నదే, మా కంటే ముందు ఇక్కడ చేసి ఇంటికి వెళ్లిపోయినవాళ్లు కూడా చేసిందే.

కారణం చాలా సాదాసీదాది. కార్బన్ డయాక్సైడ్ మైనస్ 78 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది, ఆక్సిజన్ ద్రవం కావాలంటే మైనస్ 183 వరకు పోవాలి. అందువల్ల గాలిలో ఉన్న 420 పీపీఎం (పది లక్షల భాగాల్లో 420) కార్బన్ డయాక్సైడ్‌ను ముందే ఒక పీపీఎం కంటే తక్కువకు దించకపోతే, అది గాలిని ద్రవంగా మార్చే చలిపెట్టెలోని సన్నని దారుల్లో మంచులా పేరుకుని ప్లాంటునే ఆపేస్తుంది. దాన్ని ఆపేవి ట్యాంకుల్లాంటి రెండు పెద్ద వెసెళ్లలో నింపిన, ఆవగింజంత లేత గోధుమరంగు పూసలు. వాటిని ఇక్కడ అందరూ ‘సీవ్’ అంటారు. పుస్తకాల్లో అది 13ఎక్స్ అనే జియోలైట్, అంటే సిలికాన్, అల్యూమినియం, ఆక్సిజన్ పరమాణువులు పంజరంలా అల్లుకున్న ఖనిజం. దక్కన్ పీఠభూమిలో పుణె, నాసిక్ ప్రాంతాల నల్లరాతి (బసాల్ట్) బొరియల్లో సహజ జియోలైట్లు అందమైన స్ఫటికాలుగా దొరుకుతాయి. మేము వాడేది మాత్రం కర్మాగారంలో చేసింది. ఈ రకాన్ని 1950 ప్రాంతంలో అమెరికాలో యూనియన్ కార్బైడ్ సంస్థకు చెందిన రాబర్ట్ మిల్టన్ బృందం రూపొందించింది. ఆ సంస్థ పేరు మనవాళ్లకు 1984 భోపాల్ తర్వాత వేరే కారణంతో గుర్తుండిపోయింది.

పంజరంలోని రంధ్రాలు చిన్నవి కాబట్టి కార్బన్ డయాక్సైడ్ ఇరుక్కుపోతుందని చాలామంది అనుకుంటారు. 13ఎక్స్ ద్వారాలు నిజానికి నైట్రోజన్, ఆక్సిజన్ కూడా సులువుగా దూరిపోయేంత వెడల్పైనవి. లోపల ఉన్న సోడియం అయాన్లు కార్బన్ డయాక్సైడ్‌ను మిగతా రెండింటి కంటే గట్టిగా లాగుతాయి, అసలు పట్టు అక్కడుంది. కానీ అవే అయాన్లు నీటి ఆవిరిని ఇంకా గట్టిగా లాగుతాయి. తడి గాలి తగిలితే జియోలైట్ ముందు నీటినే తీసుకుంటుంది, అప్పటికే పట్టుకున్న కార్బన్ డయాక్సైడ్‌ను కూడా వదిలేస్తుంది. అందుకే గాలిని ముందు చల్లబరచి నీటిని వీలైనంత రాల్చి, ఆ తర్వాత వెసెల్ అడుగున ఉన్న, తేమను పీల్చే అల్యూమినా పొర గుండా పంపి, చివరికి సీవ్‌కు చేరుస్తాం. ఆగస్టు రాత్రుల్లో సముద్రపు ఉక్కపోతకు బట్టలు ఒంటికి అతుక్కుపోయే సమయంలో మా కళ్లన్నీ గాలిని చల్లబరిచే చిల్లర్ మీదే ఉంటాయి, ఎందుకంటే అది తడబడితే ఆ పొరలన్నీ గడువుకు ముందే నిండిపోతాయి.

సీవ్ పాతబడినప్పుడు షట్‌డౌన్ తీసుకుని మార్చాలి. వేసవిలో మధ్యాహ్నం ఎండలో బయటి పనిని ఇక్కడి చట్టం నిషేధించింది కాబట్టి ఎక్కువ భాగం రాత్రుల్లోనే జరుగుతుంది. కాంట్రాక్టు క్యాంపు నుంచి వచ్చేవాళ్లలో జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ వైపు మనుషులు ఎప్పుడూ ఉంటారు. ఒకసారి కొత్తగా వచ్చిన కుర్రవాడు చెమట పట్టిన అరచేతిలోకి పూసలు తీసుకుని, “అన్నా, ఇవి కాలుతున్నయేందే?” అని ఉలిక్కిపడ్డాడు. పొడి జియోలైట్ నీటిని తాగేటప్పుడు వేడి పుడుతుందని చెబితే నమ్మలేదు. డబ్బాలో కాసిని పూసలు వేసి నీళ్లు పోసి చూపిస్తే నమ్మాడు. చేతులకు గ్లవ్స్, ముక్కుకు మాస్కు ఎందుకో ఆ తర్వాత ఎవరికీ చెప్పాల్సిన పని పడలేదు. అసలు ప్రమాదం మాత్రం వేడి కాదు, నైట్రోజన్. రంగూ వాసనా లేని ఆ వాయువు వెసెల్‌లో మిగిలి ఉంటే లోపలికి దిగిన మనిషి కేక వేసే వ్యవధి కూడా ఉండదు. మీటరులో ఆక్సిజన్ 19.5 శాతం చూపకుండా లోపలికి దిగే పర్మిట్ మీద సంతకం పెట్టం. సింగరేణి బొగ్గుబాయిలో పనిచేసిన మా బాపు పాత గ్యాలరీల గురించి “దీపం ఆరిందంటే ఎనక్కి రావాలె” అనేవాడు. మీటర్లు మారాయి గానీ నియమం అదే.

ఇక అసలు సంగతి. నిండిన సీవ్‌ను మళ్లీ వాడాలంటే చలిపెట్టె నుంచి వచ్చే వ్యర్థ నైట్రోజన్‌ను 150 డిగ్రీలకు పైగా వేడిచేసి ఎదురు దిశలో పంపాలి. అప్పుడు జియోలైట్ వదిలేసిన కార్బన్ డయాక్సైడ్ అంతా పైనున్న గొట్టం గుండా తిరిగి గాలిలోకే పోతుంది. మాకు కావలసింది శుభ్రమైన గాలి, అంతకు మించి ఏమీ కాదు. గంటకు లక్ష ఘనపు మీటర్ల గాలిని పీల్చే ప్లాంటులో లెక్కవేస్తే సీవ్‌కు చిక్కే కార్బన్ డయాక్సైడ్ రోజుకు రెండు టన్నులు. మా ఊరి పక్కన రామగుండం ఎన్టీపీసీలో 500 మెగావాట్ల యూనిట్ ఒక్కటి పూర్తి సామర్థ్యంతో నడిస్తే రోజుకు విడిచేది సుమారు 10,000 టన్నులు. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూసిన తర్వాత గాలిలోంచి పట్టడం కంటే పొగగొట్టం దగ్గర పట్టడమే తెలివైన పని అని నాకు అనిపించింది. అక్కడి పొగలో కార్బన్ డయాక్సైడ్ 12 నుంచి 14 శాతం దాకా ఉంటుంది, అంటే బయటి గాలిలో కంటే సుమారు 300 రెట్లు. ఆ సాంద్రతలో కిలో పొడి 13ఎక్స్ వంద గ్రాములకు పైగా పడుతుంది, మామూలు గాలిలోనైతే ఇరవై గ్రాముల చుట్టుపక్కలే.

అయితే పొగ పొడిగా రాదు. అందులో నీటి ఆవిరి ఉంటుంది, బూడిద, గంధకపు వాయువులు ఉంటాయి, పైగా వేడిగా వస్తుంది. మేము ఇక్కడ శుభ్రమైన గాలికే ఇంత చిల్లర్, ఇంత అల్యూమినా పెడుతున్నప్పుడు అక్కడ ఎంత పెట్టాలో ఊహించవచ్చు. 2022లో ఎన్టీపీసీ వింధ్యాచల్‌లో రోజుకు 20 టన్నులు పట్టే ప్లాంటును మొదలుపెట్టింది. అక్కడ పట్టిన వాయువును మిథనాల్‌గా మార్చాలన్నది ఉద్దేశం. ఒక్క యూనిట్ విడిచే పదివేల టన్నుల ముందు అది చాలా చిన్నదే, కానీ పట్టినదాన్ని ఎక్కడ పెట్టాలో ముందే ఆలోచించడం నాకు నచ్చింది. ఐస్‌లాండ్‌లో కార్బన్ డయాక్సైడ్‌ను నీటిలో కరిగించి నల్లరాతి పొరల్లోకి పంపితే, రెండేళ్లలోపే 95 శాతం రాయిగా మారిందని 2016లో ప్రకటించారు. మన ఆదిలాబాద్ పడమటి వైపు కూడా దక్కన్ నల్లరాయి ఉంది. కాకపోతే ఆ పద్ధతికి టన్ను వాయువుకు 25 టన్నుల దాకా నీరు కావాలి, కాబట్టి ఎండాకాలంలో మంచినీళ్ల ట్యాంకర్ కోసం బిందెలు వరుసపెట్టే ఊళ్లలో దీని గురించి మాట్లాడేటప్పుడు ముందు ఆ లెక్క చెప్పాలి.

వరంగల్‌లో ఇంజనీరింగ్ చదువుతున్న మా అక్క కొడుకు రామగుండం బూడిదతో జియోలైట్ చేసే ప్రాజెక్టు పెట్టుకున్నాడు. మన బొగ్గులో బూడిద పాలు ఎక్కువ, ఆ బూడిదలో సిలికా, అల్యూమినా ఉంటాయి, కాబట్టి ఆలోచన సరైనదే. బూడిదను కాస్టిక్ సోడాతో కలిపి 550 డిగ్రీల దగ్గర కాల్చి, తర్వాత నీటిలో సుమారు 90 డిగ్రీల వద్ద గంటల తరబడి ఉంచితే ఎక్స్ రకం స్ఫటికాలు వస్తాయి. ఇనుము, కరగని క్వార్ట్జ్ మిగిలిపోవడం వల్ల కొన్న సరుకుతో సమానంగా రాదు. అయినా వాడి మొదటి ఫలితాలు బాగున్నాయి, ఫోన్‌లో గ్రాఫ్ పంపి “మామా, చూసినవా?” అన్నాడు. నేను మాత్రం పరీక్షకు వాడిన వాయువు పొడిదా, తడిదా అని అడిగాను. సిలిండర్ నుంచి వచ్చిన పొడి వాయువేనట. పది శాతం ఆవిరి కలిపి మళ్లీ చేయమన్నాను, అదే పూసలను వేడిచేసి ఖాళీచేస్తూ కనీసం యాభై సార్లు మళ్లీ మళ్లీ వాడి చూడమన్నాను, కాస్టిక్ సోడాకు ఎంత ఖర్చయిందో, వాడిన క్షారపు నీళ్లను ఎక్కడ పోశారో కూడా నివేదికలో రాయమన్నాను. ల్యాబ్‌లో ఆవిరి కలిపే ఏర్పాటు లేదని, వచ్చే సెమిస్టర్‌లో గైడ్‌ను అడుగుతానని అన్నాడు.