ఇన్‌హేలర్ వెనక అంకె

అమ్మమ్మతో వీడియోలో మాట్లాడే ముందు, బల్ల మీది ఇన్‌హేలర్ తీసి లోపల పెట్టమన్నాను. 14 ఏళ్ల మా అమ్మాయి పెట్టనంది. “నాకు ఉబ్బసమని నా స్నేహితులందరికీ తెలుసు. మనవాళ్ల దగ్గరే ఎందుకమ్మా ఈ దాపరికం?” అని నిలదీసింది. ఆడపిల్ల సంగతి, నలుగురి నోళ్లలో పడటం ఎందుకని మనసులో అనుకున్నాను కానీ పైకి అనలేకపోయాను.

నిజానికి ఇన్‌హేలర్ల మీద ఉపన్యాసమివ్వడంలో మా తెలుగు తల్లుల్లో నా తర్వాతే ఎవరైనా. ‘అది అలవాటైపోతుందట కదా’ అని ఎవరన్నా ఊరుకోను. రోజూ పీల్చేది శ్వాసనాళాల్లో వాపును అదుపులో పెడుతుందనీ, ఆయాసమప్పుడు పీల్చేది బిగుసుకున్న కండరాలను సడలిస్తుందనీ, రెండూ ఒకటి కాదనీ చెబుతాను. రోజూ పీల్చేదానిలో ఉండేది స్టెరాయిడే అయినా, మాత్రల్లో దాన్ని మిల్లీగ్రాముల్లో కొలిస్తే, ఇందులో మైక్రోగ్రాముల్లో కొలుస్తారు. మందు నేరుగా ఊపిరితిత్తులకే చేరుతుంది కాబట్టి అంత తక్కువ సరిపోతుంది. పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మితే చాలావరకు నోట్లో తెల్లపూత రాదు. రాత్రిళ్లు వదలని పొడిదగ్గు ఉబ్బసమూ కావచ్చు, జలుబు తాలూకు అని సిరప్పులతో నెట్టుకురావద్దని కూడా చెబుతాను. ఆ ఊపులో 1955 నాటి ముచ్చట ఒకటి వస్తుంది. ఒక మందుల కంపెనీ అధ్యక్షుణ్ని ఉబ్బసమున్న ఆయన 13 ఏళ్ల కూతురు, జుట్టుకు కొట్టుకునే స్ప్రేలా తన మందు ఎందుకు రాదని అడిగిందట. మరుసటి ఏడాదికే అలాంటి ఇన్‌హేలర్ అమ్మకానికి వచ్చింది. పిల్లల మాట వినాలండీ, అని ముగిస్తాను. ఇంట్లో మాత్రం దాచెయ్యమంటాను.

ఎత్తు దగ్గరికి వచ్చేసరికి నా గొంతు తగ్గుతుంది. స్టెరాయిడ్ ఇన్‌హేలర్ మొదలుపెట్టిన తొలి ఏడాది పిల్లల ఎదుగుదల సగటున అర సెంటీమీటరు వరకు తగ్గవచ్చు. అదుపు తప్పిన ఉబ్బసం కూడా ఎదుగుదలను దెబ్బతీస్తుంది. అన్నీ తెలిసే, పిల్లను గుమ్మానికి ఆనించి నిలబెట్టి పెన్సిలుతో గీతలు గీస్తుంటాను. కిందటి గీత మీదే కొత్త గీత పడితే ఆ రోజంతా నాకు మనసు మనసులో ఉండదు.

ఈ వయసు పిల్లలకు వాళ్ల మందు బాధ్యత వాళ్లకే మెల్లగా అప్పగించాలంటారు. డాక్టరు కూడా కాసేపు నన్ను బయట కూర్చోమని దానితో ఒంటరిగా మాట్లాడతారు. మంచి పద్ధతే. నేనే, తలుపు పక్క కుర్చీ ఎంచుకుని, గోడకు అంటించిన టీకాల పట్టికను మహా శ్రద్ధగా చదువుతున్నట్టు నటిస్తాను.

దానికేమో ఆయాసమప్పటి మందు మీదే గురి. నిమిషాల్లో ఊపిరాడుతుంది మరి. రోజూ వాడేదాని గుణం వెంటనే తెలియదు. 12 ఏళ్లు నిండినవాళ్లు ఆ ఉపశమన మందు ఒక్కదాన్నే నమ్ముకోకూడదని 2019 నుంచి ఉబ్బసంపై అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతూనే ఉన్నాయి. అందుకే అమ్మాయి బడికి వెళ్లాక రోజువారీ ఇన్‌హేలర్ వెనక ఉన్న చిన్న కిటికీలో అంకె చూస్తాను. ఎన్నిసార్లు నొక్కారో, ఇంకెన్ని మిగిలాయో తెలిపే అంకె అది. పొద్దున, సాయంత్రం లెక్క తప్పకుండా తగ్గుతోంది.

అయినా రాత్రి దగ్గు ఆగలేదు. గాల్లోకి కొట్టినా ఆ అంకె తగ్గుతుందని ఈమధ్యే తట్టింది. నా తనిఖీ దానికి తెలిసిపోయిందా? లేక బుద్ధిగా పీలుస్తున్నా, పీల్చే పద్ధతిలో లోపమా? నాముందు పీల్చి చూపించమంటే పోలీసునవుతాను, ఊరుకుంటే తల్లినెలా అవుతాను? డాక్టరునే అడగాలనుకుంటున్నాను, ఈసారి నన్ను లోపల కూర్చోనిస్తే.