టర్కీ మిగిలిందా, వేపుడు చేసేయండి

నవంబరు నాలుగో గురువారం, అంటే థాంక్స్‌గివింగ్ పండగనాడు, మా డాలస్ ఇంట్లో టర్కీ కోడి ఎప్పుడూ సగం మిగులుతుంది. పక్కనే మటన్ బిర్యానీ ఉంటే ఆ చప్పటి రొమ్ము మాంసాన్ని ఎవరు ముట్టుకుంటారు చెప్పండి!

అందుకే అందరూ కబుర్లలో ఉండగానే నేను కత్తి అందుకుంటాను. ఓవెన్‌లోంచి తీసిన 2 గంటల్లోపు మాంసం ఫ్రిజ్‌లోకి వెళ్లాలి. మొత్తంగా పెట్టేస్తే లోపల ఎంతకీ చల్లబడదు. ఎముకల నుంచి ఒలిచి, లోతు లేని డబ్బాల్లో సర్దాలి. 3, 4 రోజుల్లో తినేయాలి. మిగతాది కవర్లో గాలి తీసేసి, తేదీ రాసి ఫ్రీజర్లోకి.

వేపుడుకి ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కరివేపాకు, అల్లం వెల్లుల్లి ముద్ద బాగా వేగనివ్వాలి. ధనియాల పొడి, మిరియాల పొడి కాస్త ధారాళంగా. చేత్తో చీల్చిన మాంసం చివర్లోనే వెయ్యాలి, ముందే వేస్తే పీచులా అయిపోతుంది. అయితే పొగలు కక్కేంత వేడెక్కాలి, లెక్కగా చెప్పాలంటే 165 డిగ్రీల ఫారెన్‌హీట్. ఉప్పు మాత్రం రుచి చూశాకే. చాలా టర్కీలు ముందే ఉప్పునీళ్లు పట్టించి వస్తాయి.

ఎముకలతో మిరియాల చారు. దాని ముందు గ్రేవీ ఎందుకూ పనికిరాదని నా అభిప్రాయం.

"నిల్వ పచ్చడి పెట్టేద్దామే" అంటారు అత్తయ్య. కాల్చిన మాంసంలో తడి ఉంటుంది అత్తయ్యా, బయట పెట్టొద్దు అంటాను. ఫ్రిజ్‌లో పెట్టుకుని తినడానికి ఒక చిన్న సీసాకి రాజీ కుదిరింది.