జాకీ కొనే ముందు టేపు పట్టుకోవాలి

శనివారం, రాత్రి

ఈ రోజు మధ్యాహ్నమంతా సెల్లార్‌లో టేపుతోనే గడిచిపోయింది. కారును లేపే చక్రాల ట్రాలీ జాకీ, లేపిన కారును మోసి నిలబెట్టే ఒక జత స్టాండ్లు కొనాలంటే షాపుకు వెళ్లకముందే ఇంటి దగ్గర తేలిపోవాల్సిన విషయాలు కొన్ని ఉన్నాయి. రేపు ఆదివారం, సికింద్రాబాద్ రాణిగంజ్‌లో చాలా షాపులు తెరవరు. సోమవారానికి అన్నీ ఒక చోట ఉండాలని రాసి పెట్టుకుంటున్నాను.

షాపులో అడిగే మొదటి మాట "ఎన్ని టన్నులు కావాలి సార్?" అని. చిన్న కార్ల విషయంలో బరువు అంత పెద్ద చిక్కేమీ కాదు. స్విఫ్ట్ లాంటి కారు 900 కిలోల చుట్టుపక్కల ఉంటుంది. ఇంజిన్, గేర్‌బాక్స్ ముందే ఉంటాయి కాబట్టి అందులో 60 శాతం దాకా ముందు చక్రాల మీదే పడుతుంది. ముందు భాగం మొత్తం ఒకేసారి లేపినా జాకీ మోసేది సుమారు 550 కిలోలు. క్రెటా లాంటి కారుకైనా 800 కిలోల దగ్గర ఆగుతుంది. 2 టన్నుల జాకీ ఆ బరువు తేలిగ్గా మోస్తుంది. ఎటొచ్చీ కావలసినంత ఎత్తుకు లేపుతుందా అన్నదే అడగాలి, దాన్ని షాపులో ఎవరూ మనకు గుర్తు చేయరు.

ప్లాస్టిక్ పెట్టెలో వచ్చే చిన్న 2 టన్నుల ట్రాలీ జాకీలు సాధారణంగా నేల నుంచి 135 మిల్లీమీటర్ల ఎత్తు దగ్గర మొదలై 330 దగ్గర ఆగిపోతాయి. 2 టన్నుల స్టాండు పూర్తిగా దించితే 270 నుంచి 280 ఉంటుంది. ఈ రెండు అంకెలూ చూస్తే సరిపోతాయనే అనిపిస్తుంది. లెక్క వేస్తేనే అసలు సంగతి తెలుస్తుంది.

స్విఫ్ట్ వీల్‌బేస్, అంటే ముందు వెనక చక్రాల మధ్య దూరం, 2,450 మి.మీ. ముందు వైపు మధ్యలో, చక్రాల వరుసకు దగ్గరగా ఉన్న క్రాస్ మెంబర్ (కారు అడుగున అడ్డంగా ఉండే గట్టి ఇనుప దూలం) కింద జాకీ పెట్టి లేపుతున్నామనుకుందాం. స్టాండు పెట్టేది డోర్ కింది అంచున, ముందు చక్రానికి వెనక. ఆ చోటు వెనక చక్రాల నుంచి సుమారు 2,000 మి.మీ. దూరంలో ఉంటుంది. కారు వెనక చక్రాల మీద వాలుతుంది కాబట్టి జాకీ దగ్గర 100 మి.మీ. లేస్తే స్టాండు చోట లేచేది 82 మాత్రమే. అంచు నేల నుంచి 200 ఎత్తులో ఉంటే, 280 స్టాండు దూరడానికి కనీసం 300కి రావాలి. అంచు 100 లేవాలంటే జాకీ దగ్గర 122 లేవాలి. క్రాస్ మెంబర్ కూడా 200 దగ్గరే ఉందనుకుంటే జాకీ తల 322కి చేరాలి. 330 దగ్గర ఆగిపోయే జాకీకి మిగిలేది 8 మి.మీ. స్టాండు ఒక మెట్టు పైకి పెట్టాలంటే అవకాశమే లేదు. పైగా జాకీ చేయి చివరికొచ్చేసరికి బాగా నిక్కుతుంది, అక్కడ అది నిలకడగా ఉండదు.

అందుకే ముందు స్టాండు ఎంచుకుని, దాని ఎత్తును బట్టి జాకీ తీసుకోవాలి. కారు అంచు, క్రాస్ మెంబర్, ముందు బంపర్ కింది భాగం, ఈ మూడు ఎత్తులూ టేపుతో కొలిచి కాగితం మీద వేసుకుంటే చాలు. 3 టన్నుల పొడుగు జాకీలు చాలావరకు 450 నుంచి 500 దాకా లేస్తాయి. వాటి బరువు 30 కిలోల దాకా ఉంటుంది, లిఫ్టు లేని మూడో అంతస్తుకు రోజూ మోసేది కాదు. కానీ ఆ బరువు వృథా పోదు: చట్రం పొడుగ్గా, వెడల్పుగా ఉండటం వల్ల జాకీ పక్కకు ఊగదు, క్రాస్ మెంబర్ దాకా అందుతుంది. బంపర్ కింద దూరకపోతే ముందు చక్రాలను 40 మి.మీ. మందం పలకల మీదకు ఎక్కించుకోవచ్చు. లేదా మొదటి ఎత్తు 100 లోపు ఉండే లో ప్రొఫైల్ రకం అడగాలి.

స్టాండ్లలో మాత్రం ఎక్కువ టన్నులు తీసుకుంటే మంచిదే కదా అనుకోకూడదు. 6 టన్నుల స్టాండు కనిష్ట ఎత్తే 400 దగ్గర ఉంటుంది, చిన్న కారును అంత లేపితే వాలు మరీ ఎక్కువైపోతుంది. చిన్న కార్లకు, మధ్య రకం ఎస్‌యూవీలకు 3 టన్నులవి చక్కగా సరిపోతాయి. లేబుల్ మీద 3 టన్నులంటే ఒక్కోదానికా, జతకా అన్నది చదివి తీరాలి. రెండు రకాలుగానూ రాసి అమ్ముతారు.

పళ్ల కడ్డీని లోపలి కొక్కెం పట్టి ఆపే ర్యాచెట్ రకం స్టాండు త్వరగా సర్దుకుంటుంది. పిన్ రకానికి మెట్లు తక్కువ, కానీ లోపల జరిగేదేమీ లేదు, రంధ్రంలో ఇనుప కడ్డీ కంటికి కనిపిస్తూ ఉంటుంది. 2020లో అమెరికాలో హార్బర్ ఫ్రైట్ సంస్థ పిట్స్‌బర్గ్ పేరుతో అమ్మిన 3 టన్నుల, 6 టన్నుల స్టాండ్లను వెనక్కి పిలిపించింది. ఫ్యాక్టరీలో పాతబడిన పరికరాల వల్ల పళ్ల లోతు ఒక్కలా రాక, కొక్కెం పూర్తిగా దిగకుండా జారిపోయే ప్రమాదం ఉందన్నారు. వాటి బదులుగా ఇచ్చిన 3 టన్నుల వాటిలో కొన్నింటికి వెల్డింగ్ లోపం బయటపడి మళ్లీ పిలిపించాల్సి వచ్చింది. కాబట్టి ర్యాచెట్ రకమే కొంటే పళ్లతో పాటు అడ్డంగా దూర్చే రెండో పిన్ ఉన్నది తీసుకోవాలి. షాపులోనే ప్రతి మెట్టుకూ లేపి, కొక్కెం పంటి అడుగుదాకా దిగుతోందో లేదో చూడాలి. కాళ్ల దగ్గర వెల్డింగ్ తెగకుండా చుట్టూ సాగిందా, నాలుగు కాళ్లూ గ్లాసు బల్ల మీద ఆడకుండా నిలుస్తున్నాయా అన్నది కూడా. ఈ పరీక్ష చేస్తుంటే విసుక్కునే షాపులో కొనకపోవడమే మేలు.

స్టాండు తల సాధారణంగా వంపు తిరిగి ఉంటుంది, అది రెండు చక్రాలను కలిపే యాక్సిల్ గొట్టానికి అనువైన ఆకారం. స్కార్పియో, బొలెరో లాంటి, బాడీ కింద విడిగా ఇనుప చాసీ ఉన్న బండ్లకు బాగుంటుంది. మామూలు కార్లకు డోర్ కింద రెండు రేకులు కలిపి వెల్డ్ చేసిన పలుచని అంచు ఉంటుంది. దాన్ని నేరుగా వంపు తల మీద పెడితే రేకు మడత పడుతుంది, రంగు లేచి వానాకాలంలో తుప్పు అక్కడే మొదలవుతుంది. మధ్యలో గాడి ఉన్న రబ్బరు దిమ్మ పెడితే రేకు గాడిలో దిగుతుంది, బరువు దాని రెండు పక్కల పడుతుంది. కారు అంచు మీద రెండు గాట్లు కనిపిస్తాయి, బలమైన చోటు ఆ గాట్ల మధ్యే.

అయితే జాకీకీ, స్టాండుకీ కూడా ఆ చోటే కావాలి! ఇంటి దగ్గర పనిచేసేవాళ్లు ఎక్కువగా చిక్కుకునేది ఇక్కడే. దీనికి దారి మధ్యలో క్రాస్ మెంబర్ దగ్గర లేపి, స్టాండ్లు అంచున పెట్టడం. అది కూడా ఓనర్ మాన్యువల్‌లో ఆ చోటు చూపిస్తేనే. ఇంజిన్ ఆయిల్ చాంబర్, గేర్‌బాక్స్, రేడియేటర్ కింది పట్టీ, వీటిలో దేని కింద జాకీ పెట్టినా పగులుతుంది. ఎలక్ట్రిక్ కారైతే బ్యాటరీ పెట్టె మొత్తం అడుగునే ఉంటుంది, మాన్యువల్ చూపిన నాలుగు చోట్లు తప్ప ఇంకెక్కడా ఆనించకూడదు.

ఇక నేల. మన అపార్ట్‌మెంట్లలో సెల్లార్ అంతా ఒకేలా ఉండదు. పాత బిల్డింగుల్లో షాబాద్ బండలు, తాండూరు బండలు పరిచి ఉంటాయి. కింద ఇసుక, సిమెంటు పరుపు సరిగా నిండకపోతే బండ కింద బోలు మిగిలిపోతుంది. కారు టైరు వెడల్పుగా ఆనుతుంది కాబట్టి ఏమీ కాదు. స్టాండు కాలు మాత్రం అదే బరువును బొటనవేలంత చోట మోపుతుంది, బండ రెండుగా చీలితే స్టాండు పక్కకు ఒరిగిపోతుంది. సుత్తి పిడితో ప్రతి బండనూ తట్టి చూస్తే బోలు ఉన్న చోట డొల్ల చప్పుడు వస్తుంది. ఆ చోట్లు సుద్దతో గుర్తు పెట్టుకుని వదిలేయాలి. మా వరుసలో ఈ రోజు రెండు బండలు అలా తేలాయి. ఇంటర్‌లాకింగ్ ఇటుకలు పరిచిన చోట, మే నెల ఎండలో మెత్తబడ్డ తారు మీద అసలు పెట్టకూడదు. స్టాండు ఒక్కోదాని కింద 18 మి.మీ. ప్లైవుడ్ ముక్క అడుగున్నర చదరంలో వేస్తే బరువు పరుచుకుంటుంది. ఎత్తుల లెక్కలో ఆ 18 కూడా కలపాలి.

జాకీ చక్రాలకు నేలతో ఇంకో పని ఉంది. జాకీ తల తిన్నగా పైకి లేవదు, విల్లులా వంపు తిరుగుతూ లేస్తుంది. కారు కదలకూడదు కాబట్టి జాకీయే చక్రాల మీద కారు కిందికి జరగాలి. బండల సందులో చక్రం ఇరుక్కుంటే జాకీ ఆగిపోతుంది, తల మాత్రం అంచు మీద జారుతుంది, లేదా కారునే లాగుతుంది. పంపు కొట్టేటప్పుడు జాకీ కదులుతోందా అని చూస్తూనే ఉండాలి. గళ్ల పార్కింగ్ టైల్స్ మీద చిన్న ఇనుప చక్రాలు ఇంకా ఇబ్బంది పెడతాయి. జాకీ పొడుగునా సరిపోయే గట్టి పలక వేసుకుంటే సాఫీగా జరుగుతుంది.

పొడుగు జాకీకి హ్యాండిల్‌తో కలిపి దాదాపు 2 మీటర్ల ఖాళీ కావాలి. గోడకు ముక్కు ఆనించి పెట్టిన కారు ముందు అంత చోటు దొరకదు, ముందు పని చేయాలంటే రివర్స్‌లో పెట్టుకోవాలి. పక్క నుంచి లేపాలంటే పక్కింటివాళ్ల కారు బయటికెళ్లిన సమయం చూసుకోవాలి. సెల్లార్ నేలకు నీళ్లు పోయేందుకు వాలు ఉంటుంది, ర్యాంపు మొదట్లో అయితే మరీ ఎక్కువ. ఫోన్‌లో లెవెల్ చూపే యాప్ నేల మీద పెడితే తెలిసిపోతుంది.

చక్రాలకు అడ్డు పెట్టే విషయం తేలిగ్గా తీసుకునేవాళ్లే ఎక్కువ. చాలా కార్లలో హ్యాండ్‌బ్రేక్ వెనక చక్రాలకే పడుతుంది. రెండు వెనక చక్రాలూ గాల్లో ఉంటే అది పట్టుకునేది ఏమీ లేదు, అప్పుడు ముందు చక్రాలకు అడ్డు తప్పనిసరి, ఇంజిన్ ముందు చక్రాలను తిప్పే కార్లలో గేర్ కూడా. ముందు ఒక్క చక్రమే లేపితే గేర్ కూడా ఆపదు: రెండు చక్రాలనూ వేరువేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ వల్ల గాల్లో ఉన్న చక్రం వెనక్కి తిరుగుతుంది, నేల మీదది దొర్లిపోతుంది. అలాంటప్పుడు హ్యాండ్‌బ్రేక్, వెనక చక్రాలకు రెండు వైపులా రబ్బరు అడ్డులు ఉండాలి. ఇటుక ముక్కలు నలిగిపోతాయి. సిమెంట్ దిమ్మలను కారు కింద ఆసరాగా పెట్టడం ఇంకా ప్రమాదం, అవి ముందు బీట కనిపించకుండానే ఒక్కసారిగా పొడి అవుతాయి.

వరుస ఇలా ఉండాలి. చక్రం తీసే పనైతే కారు నేల మీద ఉండగానే వీల్ పానాతో నట్లు పావు తిప్పు వదులు చేయాలి. మధ్య నుంచి లేపే చోటు లేకపోతే ఎడమ వైపు లేపి స్టాండు కనిష్ట మెట్టులో పెట్టి, కుడి వైపు అంతే, మళ్లీ ఎడమ వైపు ఇంకో మెట్టు. ఒకే వైపు పూర్తిగా లేపితే కారు ఒరుగుతూ మొదటి స్టాండును పక్కకు తోస్తుంది, స్టాండు నిలువు బరువుకే తయారైంది. కారును స్టాండ్ల మీదకు దించాక చేత్తో అటూ ఇటూ గట్టిగా ఊపి చూడాలి. కదిలేదైతే మనం కిందకు వెళ్లకముందే కదలాలి. జాకీని పూర్తిగా తీసేయకుండా లోహానికి తాకీ తాకనట్టు ఉంచి, విప్పిన చక్రాన్నో స్టెప్నీనో డోర్ అంచు కింద పడుకోబెట్టాలి. జాకీ ఒక్కదాని మీద ఉన్న కారు కిందకు చేయి కూడా పెట్టకూడదు, లోపల ఆయిల్‌ను ఆపే ఒక చిన్న రబ్బరు సీలు తెగితే చాలు, కారు కిందికి వచ్చేస్తుంది.

కొత్త జాకీలో రవాణాలో గాలి చేరుతుంది. విడుదల స్క్రూ వదులు చేసి, తల కిందే ఉండగా హ్యాండిల్‌ను పూర్తిగా పది పన్నెండు సార్లు కొట్టి, స్క్రూ బిగించాలి. తర్వాత ఒక పక్క లేపి అంచు ఎత్తు కొలిచి, పది నిమిషాలకు మళ్లీ కొలవాలి. తగ్గితే లోపల కారుతోంది, వారంటీ ఉండగానే వెనక్కి ఇచ్చేయాలి. ఆయిల్ తక్కువైతే తల పూర్తిగా దించాకే పోయాలి, లేకపోతే దించేటప్పుడు ఎక్కువైన ఆయిల్ సీళ్లను తోసేస్తుంది. పోసేది జాకీ ఆయిల్, అంటే ఐఎస్ఓ వీజీ (ఆయిల్ చిక్కదనాన్ని చెప్పే గుర్తు) 22 లేదా 32 హైడ్రాలిక్ ఆయిల్. బ్రేక్ ఆయిల్ పోస్తే జాకీ సీళ్లు ఉబ్బి పాడవుతాయి, ఆ రబ్బరుకు బ్రేక్ ఆయిల్‌లో ఉండే గ్లైకాల్ పడదు.

పని అయ్యాక తల పూర్తిగా దించి పెట్టాలి. లేచిన పిస్టన్ కడ్డీ గాలికి వదిలేస్తే తేమకు తుప్పు పడుతుంది, ఆ తుప్పు మరకలే మళ్లీ దించేటప్పుడు సీలును గీస్తాయి. జాకీని నిలువుగా గోడకు ఆనిస్తే ఆయిల్ మూత దగ్గర కారుతుంది, నేల మీద చదునుగానే ఉంచాలి.