ఈఎన్‌పీ3ఎస్0 ఎటు పోయింది?

పొద్దున లినక్స్ మిషన్‌లో కొత్త ఎన్‌వీఎంఈ డ్రైవు (డేటా దాచే స్టోరేజ్) బిగించి ఆన్ చేశాను. డ్రైవు కనబడింది, నెట్ పోయింది. పోర్టు దగ్గర లైటు మాత్రం మిణుకుమంటూనే ఉంది. నెట్‌వర్క్ కార్డుల పేర్లు చూపే ‘ఐపీ లింక్’ కమాండ్ కొడితే సంగతి తేలింది: నిన్నటిదాకా ఈఎన్‌పీ3ఎస్0 (enp3s0) అనే పేరుతో ఉన్న నెట్‌వర్క్ కార్డు ఇవాళ ఈఎన్‌పీ4ఎస్0 అయి కూర్చుంది. సెట్టింగుల ఫైల్లో ఉన్నది పాత పేరాయె. ఆ పేరుతో ఎవరూ లేరు, ఐపీ అడ్రసు ఎవరికీ పడలేదు.

కార్డు మీద నేను చెయ్యే వెయ్యలేదు. అయితే ఆ పేరు కార్డుది కాదు, అది కూర్చున్న చోటుది. ‘ఈఎన్’ ఈథర్నెట్, ‘పీ3’ పీసీఐ బస్ (కార్డులను మదర్‌బోర్డుకు కలిపే దారి) నంబరు, ‘ఎస్0’ స్లాటు. బూట్ అయ్యేటప్పుడు బస్సులకు వరసగా నంబర్లు పడతాయి. కొత్త డ్రైవు ముందు దూరేసరికి వెనకున్న కార్డు ఒక అంకె జరిగింది. వీధి మొదట్లో కొత్త ఇల్లు లేస్తే డోర్ నంబర్లన్నీ మారిపోయినట్టు.

అలాగని పాత పద్ధతి మేలని అనను. అందులో కెర్నెల్‌కు (లినక్స్ మూల భాగానికి) ముందు దొరికిన కార్డు ఈటీహెచ్0 (eth0), తర్వాతది ఈటీహెచ్1. రెండు కార్డులున్నచోట డ్రైవర్లు లోడయ్యే క్రమం తారుమారైతే, బయటి కార్డుకు రాసిన ఫైర్‌వాల్ (నెట్ రాకపోకలకు కాపలా) రూల్సు లోపలి కార్డు మీద పడేవి. అందుకే 2013లో, లినక్స్‌లో సర్వీసులను నడిపించే సిస్టమ్‌డీ 197వ వెర్షన్ చోటును బట్టి పేర్లు పెట్టడం మొదలుపెట్టింది. మదర్‌బోర్డులోని ఫర్మ్‌వేర్ (లోపలి సాఫ్ట్‌వేర్) కార్డుకు నంబరు చెబితే ఈఎన్‌ఓ1, లేదంటే స్లాటు నంబరుతో ఈఎన్‌ఎస్1, అదీ లేకపోతే బస్ నంబరు. నా బోర్డు ఏమీ చెప్పని రకం, కాబట్టి ఆఖరిదే దక్కింది. (ఫ్రీబీఎస్‌డీ అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్‌లో డ్రైవర్ పేరే ఇంటర్‌ఫేస్ పేరు: ఈఎం0, ఆర్‌ఈ0. చూడగానే ఏ డ్రైవరో తెలిసిపోతుంది, నాకు అదే నచ్చుతుంది.)

కెర్నెల్ సందేశాలు చూపే ‘డీమెసేజ్’లో ఒక వరస చూసి నవ్వొచ్చింది: ‘ఈఎన్‌పీ4ఎస్0: రీనేమ్డ్ ఫ్రమ్ ఈటీహెచ్0’. కెర్నెల్ ఇప్పటికీ పాత పేరే పెడుతోంది. వెనకాలే పరికరాల సంగతి చూసే యూడెవ్ వచ్చి మారుస్తోంది.

బూట్ లైన్లో (కెర్నెల్‌కు ఇచ్చే ఆదేశాల్లో) ‘నెట్.ఇఫ్‌నేమ్స్=0’ పెడితే ఈటీహెచ్0 తిరిగొస్తుంది. రేపు ఇంకో కార్డు పెడితే మళ్ళీ పాత గొడవే. అందుకని మ్యాక్ అడ్రసు (కార్డుకే ఉండే గుర్తింపు నంబరు) చూసి ‘లాన్0’ అని పిలవమని యూడెవ్ చదివే ఒక డాట్ లింక్ ఫైలు రాశాను. పేరు 15 అక్షరాలు దాటకూడదు, ఈటీహెచ్ తరహాలో పెడితే కెర్నెల్ పేర్లతో ఢీకొంటుంది. ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ (బూట్ మొదట్లో లోడయ్యే చిన్న ఫైల్ సిస్టమ్) కూడా మళ్ళీ కట్టాను, లేకపోతే ఆ ఫైలు చదవకముందే పేరు పడిపోవచ్చు.

రీబూట్ చేస్తే లాన్0 వచ్చింది. ఫైర్‌వాల్ ఫైల్లో పాత పేరు ఇంకా అలాగే ఉంది, ఆ పని రాత్రి భోజనమయ్యాక.