తొడల మీద గుంటలు: కాఫీ పొడి కన్నా గుంజీళ్లు మేలు

దూది పరుపును ఎప్పుడైనా దగ్గరగా చూశారా? పైగుడ్డ నుంచి కిందిగుడ్డ దాకా దారం గుచ్చి, బిగించి ముడి వేస్తారు. ముడి పడిన చోట గుంట. ముడికీ ముడికీ మధ్య దూది ఉబ్బు. తొడల వెనక, పిరుదుల మీద కనిపించే సెల్యులైట్ అచ్చం ఇదే. చర్మం కింద కొవ్వు చిన్న చిన్న అరలుగా ఉంటుంది. అరల మధ్య గట్టి నారపోగులు చర్మాన్ని లోపలి పొరకు కట్టి పట్టుకుంటాయి. ఆడవాళ్లలో ఈ పోగులు ఎక్కువగా నిలువుగా దిగుతాయి, కాబట్టి మధ్యలో కొవ్వు పైకి పొడుచుకొస్తుంది. మగవాళ్లలో అవి వలలాగా ఏటవాలుగా అల్లుకుని ఉంటాయి, చర్మమూ మందమే, అందుకే వాళ్లలో అరుదు. యుక్తవయసు దాటిన ఆడవాళ్లలో నూటికి 80-90 మందికి ఇది ఎంతో కొంత ఉంటుంది, బక్కపల్చని వాళ్లతో సహా. జబ్బు కాదు.

పరుపు లెక్కన చూస్తే ఏం చేయగలమో తేలిపోతుంది. దూది రొంత తగ్గించొచ్చు, పైగుడ్డను మందం చేయొచ్చు, అడుగున చెక్కను గట్టి చేయొచ్చు. కుట్టు విప్పడం మాత్రం ఇంట్లో అయ్యే పని కాదు. పది రోజుల్లో మాయం అని చెప్పేవాళ్లు ఆ కుట్టు సంగతి ఎత్తరు.

ముందు ఫోటో తీసుకోండి. అదే గది, అదే గంట, కిటికీకి అదే వైపు నిలబడి, నాలుగు వారాలకొకసారి. పక్కనుంచో పైనుంచో పడే వెలుతురులో గుంటలు రెట్టింపు లోతుగా కనిపిస్తాయి, ఎదురు వెలుతురులో సగం మాయమవుతాయి. బట్టల షాపు ట్రయల్ రూములో నడినెత్తి లైటు కింద అద్దం చూసి దిగులు పడటం దండగ. పడుకున్నా కనిపిస్తే బాగా ముదిరినట్టు. నిలబడితేనే కనిపిస్తే మధ్యరకం. చర్మాన్ని రెండు చేతులతో నొక్కి పట్టినప్పుడే తేలితే తేలికరకం, ఇంటి పద్ధతులకు బాగా లొంగేది ఇదే.

అడుగు చెక్క అంటే కండ. దానికి గుంజీళ్లను మించింది లేదు. కాణిపాకంలో వినాయకుడి ముందు చెవులు పట్టుకుని తీసేవే, కాకపోతే నిదానంగా, బరువుతో. కుర్చీకి వీపు పెట్టి నిలబడండి. పాదాలు భుజాల వెడల్పు, వేళ్లు కాస్త బయటికి. మనసులో మూడు లెక్కపెడుతూ దిగాలి, కుర్చీ అంచు తగలగానే మడమలతో నేలను తన్ని లేవాలి. 12 సార్లు, నిమిషంన్నర ఆగి మళ్లీ, మొత్తం మూడు విడతలు. మోకాళ్లు లోపలికి వాలినా, మడమలు లేచినా బరువంతా మోకాళ్ల మీద పడుతుంది, పిరుదుల కండకు పని ఉండదు. మోకాలు నొప్పెడితే కుర్చీ మీద దిండు వేసి ఎత్తు పెంచుకోండి. 12 సులువైపోయిన రోజు 5 లీటర్ల క్యాన్ నిండా నీళ్లు పోసి గుండెకు హత్తుకోండి, 5 కిలోలు. తర్వాత 10 కిలోల బియ్యం సంచి. ఆఖరి రెండు కష్టంగా లేకపోతే బరువు చాలనట్టే. ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే: మూడు నెలలు అదే బరువు, అవే 12, ఆపైన "ఏం మార్పు లేదు" అంటారు.

రెండోది చాప మీద. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, మడమలు పిరుదులకు జానెడు దూరంలో పెట్టి నడుము లేపండి. పైన రెండు క్షణాలు పిరుదులు బిగబట్టి దించండి. 15 చొప్పున మూడు విడతలు. నొప్పి నడుములో తెలిస్తే వీపును విల్లులా వంచుతున్నారని అర్థం. తొడ వెనక పట్టేస్తే పాదాలు దూరమయ్యాయి, దగ్గరికి లాక్కోండి. మూడోది మిద్దె మెట్లు. మొదటి మెట్టు మీద పాదం మొత్తం పెట్టి, ఆ కాలి బలంతోనే లేవాలి, కింది కాలు ఎగరకూడదు. ఒక్కో కాలికి 10, రెండు విడతలు. ఈ మూడూ వారానికి మూడు రోజులు, మధ్యలో ఒక్కో రోజు విరామం. 12 వారాలకు ముందు ఫోటోలు పోల్చవద్దు.

"నెలకోసారి తిరుమల కొండకు నడుస్తాం కదా" అంటారు మనవాళ్లు. అలిపిరి దారిలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టులో 2,388. నడక గుండెకు మంచిదే, కొవ్వూ కరుగుతుంది. కానీ నెలకొక్క రోజు ఎక్కి, నాలుగు రోజులు పిక్కలు పట్టేసి మంచమెక్కితే కండ పెరగదు.

దూది, అంటే కొవ్వు తగ్గించాలంటే నెలకు రెండు కిలోలు మించకుండా బరువు తగ్గండి. ఒక్కసారిగా పస్తులుండి తగ్గితే చర్మం వదులై గుంటలు ఇంకా ఎక్కువగా కనిపిస్తాయి. కండకు మాంసకృత్తులు కావాలి, 60 కిలోల మనిషికి రోజుకు సుమారు 60 గ్రాములు. సంగటి తింటున్నాం కదా అనుకోవద్దు, రాగిలో కాల్షియం ఎక్కువ, మాంసకృత్తులు 100 గ్రాముల పిండికి 7 గ్రాములే. పక్కన ఏముందో చూడండి. గుడ్డుకు 6 గ్రాములు, 30 గ్రాముల చెనిక్కాయలకు 7, అంతే బరువు మీల్‌మేకర్‌కు 15. ఊరిబిండి (చెనిక్కాయల పచ్చడి) ఒక్క చెంచా అంటించుకుంటే లెక్కలోకి రాదు.

పైగుడ్డకు పనికొచ్చేది రెటినాల్ అనే విటమిన్ ఎ రకం క్రీము, 0.3 శాతం ఉన్నది. చర్మాన్ని కాస్త మందం చేస్తుంది, కానీ ఆరు నెలలు ఓపిక పట్టాలి. స్నానం చేసి పూర్తిగా ఆరిన చర్మం మీద, మొదట వారానికి రెండు రాత్రులు. మంట లేకపోతే రోజు మార్చి రోజు. వ్యాక్సింగ్ చేసిన రెండు రోజులు వద్దు. కడుపుతో ఉన్నవాళ్లు, బిడ్డ కోసం చూస్తున్నవాళ్లు, పాలిచ్చేవాళ్లు అసలు ముట్టుకోవద్దు.

ఇక గుంటలు పోతాయని చాలామంది రుద్దుకునే కాఫీ పొడి స్క్రబ్. క్రీముల్లో వాడే కెఫీన్ కొవ్వు కణాల్లోని నీటిని కొంత లాగుతుంది, రాసినన్నాళ్లే ఫలితం. కానీ మన వంటింటి ఫిల్టర్ కాఫీ పొడుల్లో చాలావాటిలో కొంత చికోరీ అనే వేరు పొడి కలుస్తుంది, దాంట్లో కెఫీనే లేదు. డికాషన్ దించేశాక మిగిలిన పిప్పిలో ఉన్నదీ చాలామటుకు పోయి ఉంటుంది. రుద్దితే నునుపుదనం వస్తుంది, అది మృతచర్మం పోయినందుకు. ఆ మాత్రానికి సున్నిపిండి చాలు, బాత్రూం తూము పూడుకుపోదు, నూనె కలిపిన పొడి మీద కాలు జారదు. ఏది రుద్దినా మెత్తగా, వారానికి రెండుసార్లే. గట్టిగా తోమితే మన రంగు చర్మానికి నల్లమచ్చలు పడతాయి, నెలల తరబడి పోవు. నిమ్మరసం అయితే ఎండ తగిలి కమిలిపోతుంది. ప్లాస్టిక్ చుట్టుకుని పడుకుంటే మన తిరుపతి ఎండాకాలంలో దక్కేది చెమటకాయలే.

మర్దనా వల్ల నీరు కాస్త జరిగి కొన్ని గంటలు నునుపుగా కనిపిస్తుంది. పెళ్లికో ఫోటోలకో ముందు పనికొస్తుంది. ఒక్కో తొడకు రెండు టీ చెంచాల గోరువెచ్చని నువ్వుల నూనె, మోకాలి నుంచి పైకి, అయిదు నిమిషాలు. కమిలితే మరీ గట్టిగా నొక్కినట్టు. ఉబ్బునరాల మీద చేయొద్దు.

కుట్టు విప్పే పని డాక్టరుది. మత్తు ఇచ్చి సూదితో నారపోగును తెంపే సబ్సిషన్ ఉంది. పోగును కరిగించే కొలాజినేజ్ ఇంజెక్షన్‌కు అమెరికాలో 2020లో అనుమతి వచ్చింది, కమిలిన మచ్చల గొడవతో 2022 చివర్లో కంపెనీయే ఆపేసింది. పార్లర్లలో "కొవ్వు కరిగించే ఇంజెక్షన్" అంటే ఆ సీసా మీద పేరు చదవకుండా పొడిపించుకోవద్దు.

రెండు కాళ్లూ సమానంగా బరువెక్కి, ముట్టుకుంటే నొప్పెట్టి, చిన్న దెబ్బకే కమిలిపోతూ, పాదాలు మాత్రం సన్నగా ఉంటే అది సెల్యులైట్ కాదు, లిపిడీమా అనే వేరే సమస్య కావొచ్చు, డాక్టరుకు చూపించాలి. ఒక్క కాలే ఉన్నట్టుండి వాచి నొప్పెడితే మర్దనా జోలికి పోకుండా ఆ రోజే ఆస్పత్రికి వెళ్లండి. నరంలో రక్తం గడ్డకట్టి ఉంటే నొక్కడం ప్రమాదం.