సత్తు గిన్నెలో పులుసు

షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో నాది బండ్లు కడిగే పని. జగిత్యాల దగ్గర మా ఊళ్ళో మాత్రం "మావాడు కార్ల కంపెనీలో ఉన్నాడు" అని అమ్మ చెప్పుకుంటుంది. అబద్ధమేమీ కాదు. కారులో నా వాటా మోకాలి ఎత్తు కింది భాగం, అంతే. కొత్తగా చేరినవాడికి మా షాపులో రిమ్ములే ఇస్తారు. బాడీ మీద చెయ్యి వేయాలంటే పైన ఉన్నవాడెవడైనా చుట్టీకి, అంటే సెలవుకు, పోవాలి.

నేను చేరిన రెండో నెల ఆగస్టు. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 వరకు ఎండలో పని చేయించకూడదని ఇక్కడ రూలు. మాది రేకుల షెడ్డు, ఆ విరామం మా దాకా రాదు. ఆ వేళలోనే ఒక లోకల్ సాహెబ్ పెద్ద అమెరికన్ పికప్ తెచ్చి నిలిపాడు. అద్దంలా మెరిసే రిమ్ములు, వాటి మీద నల్లగా బ్రేకు ధూళి. చెయ్యి పెడితే చురుక్కుమంది.

వెంటనే యాసిడ్ డబ్బా తీసి నాలుగింటికీ కొట్టాను. చింతపండు పెట్టి తోమితే ఇత్తడి బిందె ఎలా తళతళలాడుతుందో చిన్నప్పటి నుంచి చూసినవాణ్ణి. పులుపు ఎంత ఘాటైతే మెరుపు అంత అనుకున్నాను. వేడి మీద మందు పడ్డది పడ్డట్టే ఆరిపోయింది. నీళ్ళు కొట్టి చూస్తే రిమ్ముల నిండా తెల్లగా పొగచూరినట్టు మచ్చలు. తుడిచే కొద్దీ ఇంకా బాగా కనబడుతున్నాయి. సాహెబ్ ఒక్క మాట అనలేదు, అదే ఎక్కువ టెన్షన్. జీతంలో 150 దిర్హమ్‌లు కోశారు.

మా షాపులో పెషావర్ నుంచి వచ్చిన ఒక చాచా పాలిష్ పని చేస్తాడు. ఆయన రిమ్ము మీద గోటితో కొట్టి, "బేటా, ఇది ఏం లోహం?" అన్నాడు. అల్యూమినియం అన్నాను. అన్నాక వెలిగింది. అంటే సత్తు! సత్తు గిన్నెలో పులుసు ఉంచొద్దని అమ్మ ఎన్నిసార్లు మొత్తుకుందో. నాకు బిందె గుర్తొచ్చింది గానీ గిన్నె గుర్తు రాలేదు. సత్తును కాపాడేది దాని మీద తనంతట తానే ఏర్పడే పలచని పొర. యాసిడ్ దాన్ని తినేస్తుంది. సోడా లాంటి క్షారం కూడా అంతే.

చాచా మొదట నేర్పింది కడగడం కాదు, పోల్చుకోవడం. రిమ్ము లోపలి మూల, ఎవరికీ కనబడని చోట, తెల్ల గుడ్డకు కాస్త మెటల్ పాలిష్ అద్ది రుద్దాలి. గుడ్డ నల్లబడితే వట్టి లోహం. నల్లబడకపోతే పైన వార్నిష్ ఉన్నట్టు. వార్నిష్ ఉన్నదానికి మెటల్ పాలిష్ తగలనివ్వకూడదు, మసకబారుతుంది. దానికి షాంపూ, మెత్తని బ్రష్ చాలు. అయితే రాయి తగిలి వార్నిష్ ఎక్కడైనా లేచిందా, లోపలికి తడి, ఉప్పు దూరి తెల్లటి పురుగులు పాకినట్టు గీతలు పడతాయి. ఈ సముద్రపు గాలిలో అది మామూలే. ఇక పైపైన ఎంత రుద్దినా ఖల్లి వల్లి, వదిలేసుకోవడమే. వార్నిష్ మొత్తం తీసి మళ్ళీ వేయాల్సిందే.

సాహెబ్ బండివి వట్టి లోహానివి. రెండు రాత్రులు డ్యూటీ అయ్యాక చాచా, నేను కూర్చున్నాం. 800 నంబరు ఉప్పు పేపరు నీళ్ళలో తడిపి, తర్వాత ఇంకా సన్నటి 1200, ఆపైన 2000. ఒక పేపరు గీతలు పూర్తిగా పోకముందే తర్వాతిది పట్టుకుంటే చాచా నా చేతి మీద కొట్టేవాడు. ఆ తర్వాత పాలిష్. రిమ్ము తెల్లబడే కొద్దీ మా చేతులు నల్లబడ్డాయి. చివర మెరుపును కాపాడే సీలెంట్ పూశాం. మామూలు మైనం ఇక్కడి ఎండకు, బ్రేకుల వేడికి ఎక్కువ రోజులు నిలవదట.

ఇప్పుడు మొదట రిమ్మును చల్లారనిస్తాను. నీళ్ళు కొట్టి ఇసుక దిగిపోయాకే గుడ్డ తగిలిస్తాను. బకెట్, గుడ్డలు రిమ్ములకు వేరు. బ్రేకు ధూళి అంటే సన్నటి ఇనుప రజను, ఆ గుడ్డ బాడీ మీద పడితే గీతలే. జర్మన్ బండ్లకు ఈ ధూళి మరీ ఎక్కువ. దానికి యాసిడ్ లేని మందు వేరే ఉంది, ఇనుము తగిలితే ఊదారంగుకు తిరుగుతుంది. కుళ్ళిన కోడిగుడ్డు కంపు. అదైనా ఆరకముందే కడిగేయాలి. చివర పొడి గుడ్డతో వెంటనే తుడవాలి. నట్ల గుంటల్లో మిగిలిన చుక్కే మచ్చవుతుంది.

ఫోన్‌లో ఇదంతా చెబితే అమ్మ నవ్వి, "సత్తుకు పులుపు తగిలించినవా రా?" అంది.

మూడో రోజు సాహెబ్ వచ్చాడు. ముందు చక్రం దగ్గర వంగి, రిమ్ములో చూసుకుంటూ తల మీది గుత్రా సర్దుకుని, బండెక్కి వెళ్ళిపోయాడు. కోసిన 150 మాత్రం తిరిగి రాలేదు.