సున్నా టికెట్టుతో మా వేసవి

మా గుమ్మం పక్కన గోడకు ఆనించి మూడు ముంజకాయల బండ్లు ఉన్నాయి. రెండు ఎండి నల్లబడ్డాయి. మూడోది మొన్న ఆదివారం నాటిది, ఇంకా పచ్చివాసన పోలేదు. ముంజలు తీసేసిన రెండు కాయలకు మధ్య ఒక పుల్ల, తోయడానికి ఒక పంగలకర్ర, అంతే బండి. ఏ బండి ఏ ఊరి నుంచి వచ్చిందో మా అమ్మాయి తప్పు లేకుండా చెబుతుంది. వాటిని పారేయనివ్వదు.

మేం శ్రీకాకుళంలో ఉంటాం. పాపకు ఏడేళ్లు, బాబుకు నాలుగు. ఈ ఏడాది ఇంటి అప్పు వల్ల సెలవులకు ఎక్కడికీ వెళ్లలేమని ఏప్రిల్‌లోనే తేలిపోయింది. పిల్లలకు ఆ మాట ఎలా చెప్పాలా అని రెండు రోజులు మథనపడ్డాను. తర్వాత తోచింది, పుట్టి పెరిగిన జిల్లాను నా పిల్లలకు నేనే సరిగా చూపించలేదని.

మొదటి ప్రయత్నం పూర్తిగా నా తప్పు. మావారి బండి మీద నలుగురం, పాత బౌద్ధ స్తూపాలున్న శాలిహుండం కొండకు వెళ్లాం. వంటా టిఫినూ ముగించుకుని బయలుదేరి, కొండ కిందకు చేరేసరికి పదకొండు దాటింది. మెట్లు కాలుతున్నాయి, గాలి లేదు, ఒళ్లంతా ఉక్క. సగం మెట్లు ఎక్కేలోపే బాబు ముఖం ఎర్రబడి ఏడుపు మొదలుపెట్టాడు. వాణ్ణి ఎత్తుకుని దిగిపోయాం. ఆ రాత్రి వాడి నుదురు పదేపదే తాకి చూసుకుంటూ నిద్రపోలేదు. అప్పటి నుంచి మా ఇంట్లో ఒకటే నియమం: తెల్లవారగానే బయలుదేరాలి, తొమ్మిదిన్నరకల్లా నీడ పట్టున ఉండాలి, ఒక రోజుకు ఒక్క చోటే. సీసాలో చోడి (రాగి) అంబలి, ఇంకో సీసాలో ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ.

తర్వాతిది శ్రీకూర్మం. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు బస్సుల్లో ఆడవాళ్లకు ఛార్జీ లేదు. ఆధార్ చూపిస్తే కండక్టరు సున్నా టికెట్టు ఇస్తాడు. నాకొకటి, పాపకొకటి ఇచ్చాడు. బాబుకు ఐదేళ్లు నిండలేదు కనుక టికెట్టే లేదు. వాడు చేయి చాపి అలాగే ఉండిపోయాడు. పెదవి వణుకుతోంది. పాప తన టికెట్టు వాడి చేతిలో పెట్టి, "ఇది నీదే, గట్టిగా పట్టుకో" అంది. దిగేదాకా వాడు గుప్పిట విప్పలేదు.

శ్రీకూర్మంలో కూర్మనాథస్వామి, అంటే తాబేలు రూపంలోని విష్ణువు, పడమర ముఖంగా ఉంటాడు. గుడికి తూర్పున ఒకటి, పడమర ఒకటి, రెండు ధ్వజస్తంభాలు. చిన్నప్పుడు ఎన్నిసార్లు వచ్చినా నేను ఆ సంగతి పట్టించుకోలేదు. పాప వచ్చీ రాగానే లెక్కపెట్టింది. మండపంలోని రాతి స్తంభాల మీద పాత శాసనాలు చెక్కి ఉన్నాయి. ఇటీవలే గుణింతాలు గట్టిగా వచ్చిన పిల్ల కదా, ఒక్కో స్తంభం దగ్గర ఆగి తెలిసిన అక్షరం కోసం వెతికింది. ఒక చోట 'గ' లాంటిది దొరికింది. దాని మీద వేలు పెట్టి నన్ను పిలిచిన పిలుపు మండపమంతా వినబడింది. ఎన్ని వందల ఏళ్ల కిందట ఎవరు చెక్కారో ఆ అక్షరాన్ని, మా పిల్ల గుర్తుపట్టింది. నాకు గొంతు పట్టేసినట్టయింది.

బాబుకు ఇవేమీ పట్టలేదు. వాడికి తాబేళ్లు కావాలి. ఆవరణలో నక్షత్ర తాబేళ్లను ఉంచిన చోటు ఉంది. డొప్ప మీద ఒక్కో గడి మధ్య పసుపు చుక్క, దాని నుంచి నలువైపులా కిరణాల్లా గీతలు. ఎండ ముదిరితే అవి నీడలోకి దూరి కదలకుండా ఉంటాయి. పొద్దున్నే కాబట్టి మెల్లగా తిరుగుతూ ఆకులు నములుతున్నాయి. బాబు గొంతుక్కూర్చుని దాదాపు గంటసేపు చూశాడు. తాబేలు మెడ చాపితే తనూ చాపాడు, అది ఆగితే తనూ ఆగాడు. ఇంట్లో రెండు నిమిషాలు ఒక చోట కూర్చోని పిల్లవాడు! "ఇక పద నాన్నా" అనే మాట నాలుక చివరిదాకా వచ్చినా అనలేదు. ఆ గంట వాడిది. ముంజకాయల మొదటి బండి ఆ ఊరిదే. బస్సు కోసం ఎదురుచూస్తుంటే, ముంజలు కొడుతున్న తాత ఖాళీ కాయలు రెండు ఇచ్చి, పుల్ల కూడా తనే చెక్కి గుచ్చాడు.

పదిహేను రోజుల తర్వాత శాలిహుండం మళ్లీ వెళ్లాం. ఈసారి ఆరు గంటలకే మెట్ల దగ్గర ఉన్నాం. రాయి చల్లగా ఉంది. బాబు తన కాళ్లతోనే పైదాకా ఎక్కాడు. పైన గుండ్రటి ఇటుకల స్తూపాలు, కింద వంశధార నది, దూరంగా సముద్రం. 1919లో ఈ బౌద్ధ శిథిలాలను మొదట గుర్తించింది గిడుగు రామమూర్తి గారు. మనం మాట్లాడే తెలుగులోనే పుస్తకాలు ఉండాలని పోరాడిన మనిషి, సవర గిరిజనుల భాషకు వ్యాకరణం రాసిన మనిషి. ఆ సంగతి చెబితే పాప కళ్లు పెద్దవి చేసి, "ఆగస్టులో బడిలో ఫొటో పెట్టి దండ వేస్తాం, ఆ తాతగారా?" అంది. అవును, ఆయనే. ఆ తర్వాత ఇటుకలను జానతో కొలిచింది. మన ఇళ్లకు వాడే ఇటుకకు రెండింతలు ఉంటుందని తేల్చి, ఆ లెక్క నాన్నకు మూడుసార్లు చెప్పింది.

కళింగపట్నం గురించి ఎక్కువ రాయను, అక్కడి సముద్రంలోకి పిల్లలను దింపే ధైర్యం నాకు లేదు. కానీ వంశధార సముద్రంలో కలిసే చోటు చూపించండి. వేసవిలో నదిలో నీరు తగ్గి సముద్రపు నీరు పైకి ఎక్కుతుంది. మా పాప వేలు ముంచి నాలుకకు రాసుకుని, "నది ఉప్పగా ఉందేమిటమ్మా?" అని అడిగింది. మా ఊళ్లోని నాగావళి నది ఇసుకలోకి మాత్రం సాయంత్రాలు నడిచే వెళ్తాం. ఇసుక తవ్విన గుంతల్లో నీరు నిలిచి ఉంటుంది, లోతు తెలియదు. అక్కడ పిల్లల చేయి అసలు వదలకండి.

బాబు దగ్గర ఇప్పుడు సున్నా టికెట్లు పదకొండు ఉన్నాయి. అన్నీ అక్క ఇచ్చినవే. అగ్గిపెట్టెలో మడిచి పెట్టుకుని, పడుకునే ముందు తీసి లెక్కపెట్టుకుంటాడు. సెప్టెంబరులో వాడికి ఐదేళ్లు నిండుతాయి. అప్పుడు వాడికి అర టికెట్టు కొనాలి. కండక్టరు తన పేరున టికెట్టు కొట్టి తన చేతికే ఇచ్చే ఆ రోజు ఎప్పుడొస్తుందని రోజూ అడుగుతున్నాడు.